బూందీలో బండెక్కిన మావయ్య: టీకాతాత్పర్య సహితము

మూలము

ఒరే అల్లు అర్జున్ జీడి పిక్కలు పది బస్సులు ఏసీ సినిమాను నాన్న రేపు బూందీలో బండి ఎక్కి వస్తాను అత్తకి క్రియాటినిన్ చూపించాలి తిట్లు తర్వాత వేసిన మొక్కలు కాసినవి చేతిలో డబ్బు నేడు స్టేషన్ కి రా

అవతారిక

ఉద్దానం ప్రాంతంలోని పూండి వాస్తవ్యుడు, జీడితోటా కొబ్బరితోటా గలవాడు అయిన మా మేనమామ, మే నెలలో ఒకనాటి సాయంత్రం, విశాఖలో ఉన్న మేనల్లుడికి, అనగా ఈ టీకాకారుడికి, పంపిన వాట్సాప్ వర్తమానము ఇది. జీడిసొన తిన్న వేళ్ళు కాబట్టి మావయ్య ఒక అక్షరం నొక్కితే పక్కవి రెండు పడతాయి. అది చూడలేక మనవడు మైకు బొమ్మ చూపించి, "తాతా, దీన్ని నొక్కి మాటాడు, అదే రాసీసుకుంటాది" అని ఉపదేశించాడు. అది రాసేసుకుంది.

ఛందస్సు: వచనము. గణాలూ యతులూ సరే, చుక్కా కామా కూడా లేవు. ఇది దోషం కాదు. తాటాకు గ్రంథాలూ ఇలాగే ఉండేవి, ఎక్కడ ఆగాలో చదివేవాడే తేల్చుకునేవాడు.

లేఖకుని గూర్చి

చెప్పేవాడొకడు, రాసేవాడొకడు అనే ఏర్పాటు మనకు కొత్త కాదు. వ్యాసుడు చెబుతుంటే వినాయకుడు రాశాడని కథ. గంటం ఆగకూడదన్నది వినాయకుడి షరతు. అర్థం కానిదే రాయకూడదన్నది వ్యాసుడి షరతు. మావయ్య ఫోన్లోని లేఖకుడు మొదటి షరతుకి ఒప్పుకుని, రెండోది వినిపించనట్టు ఊరుకున్నాడు. ఆయన ఎవరి కొలువువాడో ఇక్కడ చెప్పం.

వంశక్రమం మాత్రం చెప్పవచ్చు. 1952లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ఆడ్రీ అనే యంత్రం ఉండేది. దానికి తెలిసినవి సున్నా నుంచి తొమ్మిది వరకు అంకెలే, అవీ తనకు అలవాటైన గొంతు పలికితేనే. తెలుగు వంతు వచ్చేసరికి 2017 ఆగస్టు అయింది. ఆ నెలలో గూగుల్ ఒక్కసారిగా ముప్పై భాషలకు మాటని రాతగా మార్చే సదుపాయం ఇచ్చింది. అందులో ఎనిమిది మన దేశపువి, వాటిలో మనదొకటి. మూలంలో "పది" అన్న సంఖ్య చెక్కుచెదరకుండా నిలిచిందంటే అది ఆడ్రీ నాటి వంశగౌరవం.

ప్రతిపదార్థము

అల్లు అర్జున్ = ఓ అల్లుడా! వాక్యానికి అర్థం కుదరాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడూ కావాలని తార్కికులు అన్నారు. నిప్పుతో తడిపాడు అంటే వ్యాకరణం ఉన్నా యోగ్యత లేదు, నిప్పు తడపదు కాబట్టి. మన లేఖకుడికి మూడింట్లో సన్నిధి ఒక్కటే బాగా పట్టుబడింది. ఏ మాట పక్కన ఏ మాట ఎన్నిసార్లు కూర్చుందో లెక్క చూసి, చెవిన పడ్డ ధ్వనికి దగ్గరగా ఉన్నవాటిలో ఎక్కువమంది వాడినదాన్ని రాస్తాడు. "అల్లు" అన్నాక లోకం ఏమంటుందో అదే ఆయనా అన్నాడు.

పది బస్సులు = పది బస్తాలు. ఉద్దానంలో పిక్కల బస్తా ఎనభై కిలోలు. వెరసి ఎనిమిది వందల కిలోలు. బస్సుల పాఠం తీసుకుంటే మావయ్య ఈపాటికి పలాసని కొనేసి ఉండాలి.

ఏసీ సినిమాను = ఏసీసినాను. ఇది కొంచెం లోతైన చోటు. "వేసి" అను దానికి "వేసినాను" చేరి, మొదటి వకారము లోపించి, ఆ ఊపున రెండవదీ లోపించి, మిగిలినది అతుక్కుని "ఏసీసినాను" అయినది. పలాస వర్తకుడికి సరుకు తూచి ఇచ్చేశానని అర్థం. ఈ సంధికి సూత్రం ఏ వ్యాకరణంలోనూ లేదు. పలాస నుంచి టెక్కలి దాకా నోటినోటా ఉంది.

నాన్న = నాను, అనగా నేను. ఈ టీకాకారుడి తండ్రి కూడా బండెక్కి వస్తున్నాడని మా ఇంట్లో ఒకరు వ్యాఖ్యానించారు. పొసగదు. ఆయన అప్పటికే మా వరండాలో పేపరు చదువుతున్నాడు.

బూందీలో = పూండిలో. పలాసకీ నౌపడాకీ నడుమ, హౌరా నుంచి చెన్నై పోయే దారిలో ఉన్న టేసను ఇది. లెక్క అర్థమైనవాడికి ఇక్కడ ఆశ్చర్యం లేదు. లోకంలో బూందీ గురించి రాసినవాళ్ళు ఎందరు, పూండి గురించి రాసినవాళ్ళు ఎందరు?

తిట్లు = తిత్లీ. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఒడ్డెక్కి, ఉద్దానంలో కొబ్బరినీ జీడినీ వేళ్ళతో పెరికిన తుపాను. పాఠదోషమే. అయినా ఆ ఉదయం తోటలో నిలబడి మావయ్య అన్నవి విన్నవాళ్ళు ఈ పాఠాన్నీ కొట్టెయ్యరు.

క్రియాటినిన్ = క్రియాటినిన్. టీక అక్కర్లేదు. ఊరిపేరు రాయలేని లేఖకుడు దీన్ని ఒక్క వత్తు తప్పకుండా రాశాడు. కిడ్నీ జబ్బుల ఉద్దానంలో బడి ముఖం చూడని ముసలమ్మలూ ఈ మాట ఇంత స్పష్టంగానే పలుకుతారు.

నేడు = నేదు. ర-లలకు భేదం లేదని పూర్వులు అన్నారు. ల-నలకు భేదం లేదని మావాళ్ళు అన్నారు. అందుచేత లేదు నేదయింది. మావయ్య చెప్పినది: చేతిలో డబ్బు లేదు. మాకు చేరినది: చేతిలో డబ్బు ఇవాళే ఉంది. ఒక దకారం డకారమైతే ఎనిమిది వందల కిలోల పిక్కలకి బాకీ చెల్లిపోయింది! మూలాన్ని నమ్మి ఈ టీకాకారుడు ఉత్త జేబుతో టేసనుకి వెళ్ళాడు. మర్నాడు రక్తపరీక్షకి డబ్బు కట్టే కిటికీ దగ్గర మామా అల్లుళ్ళం ఒకరి జేబు వైపు ఒకరు చూసుకున్నాం. అత్త మా ఇద్దర్నీ చూసింది.

విశేషాంశములు

మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ. మొదటి సగాన్ని ఫోన్ తప్పింది, రెండో సగాన్ని నేను తప్పుతున్నాను.

1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు, పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ, సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, విని విని ఆ భాషకి వ్యాకరణమూ నిఘంటువూ చేశారు. తెలుగులోనూ జనం మాటాడేదే రాయాలని పండితులతో జీవితమంతా పోట్లాడి గెలిచారు. వాడుక భాష గెలిచిందనే అనుకున్నాం. ఎవరి వాడుక అన్నది మావయ్య మైకు ముందు కూర్చున్నాకే తేలింది. ఈ లేఖకుడు పాత పండితుల్లా గ్రాంథికం కోరడు. టీవీలో వార్తలు చదివే తెలుగు కోరతాడు. "నేదు" వింటే తప్పని గద్దించడు, ఒప్పని మెచ్చడు, చప్పుడు చెయ్యకుండా దిద్దేస్తాడు. గద్దించే పండితుడితో అయితే గిడుగు వారు తలపడగలిగారు.

మావయ్య పోట్లాడే రకం కాదు. వారం రోజుల్లో దాని చెవి ఎలాంటిదో కనిపెట్టాడు. ఇప్పుడు ఫోన్ ఎత్తగానే గొంతు సవరించుకుంటాడు, నాను నేనవుతాడు, ఒస్తన్నాను వస్తున్నాను అవుతుంది. "ఎవులో కొత్తోల్లు ఇంటికొచ్చినట్టు మాటాడతన్నాడు ఆ ఫోనుతోటి" అని అత్త నవ్వుతుంది.

ప్రక్షిప్తము

పై గ్రంథానికి అనుబంధంగా, నెల తర్వాత రెండో పరీక్షకి వచ్చిన రోజున, మావయ్య నంబరు నుంచే ఇంకొక వర్తమానం దొరికింది.

నేను స్టేషన్‌లో ఉన్నాను మీరు ఎక్కడ ఉన్నారు

అక్షరదోషం లేదు. పాఠాంతరం లేదు. ప్రతిపదార్థం అవసరం లేదు. అయినా మేనల్లుణ్ణి "మీరు" అనడం మావయ్య శైలికి విరుద్ధం కనుక, ఇది మరెవరో చొప్పించిన వాక్యమని నిర్ణయించి, నిర్ధారణకై నేనే ఫోన్ చేశాను.

"ఏట్రా, ఎక్కడ సచ్చినావు? గంటయిపోనాది మీ అత్తా నానూ ఈ బెంచీ మీద."