సొమ్మొకడిది, గొలుసొకడిది

కుక్కల షోల సీజన్ వచ్చేసింది. ఏ వాట్సాప్ గ్రూపు తెరిచినా ఇదే మొర: "మా రాకీకి మంచి హ్యాండ్లర్ ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్." అడిగేవాడు ఒకడైతే చెప్పేవాళ్లు వందమంది. జడ్జీలు గుర్తుపడతారా, కోటు బాగా కుదురుతుందా, చెన్నై, బెంగళూరు, ఢిల్లీ తిప్పుతాడా, పోయినేడు ఎన్ని ఛాలెంజ్ సర్టిఫికెట్లు కొట్టాడు? ఆరా అంతా రింగులో గొలుసు పట్టుకు తిప్పే ఆ హ్యాండ్లర్ గురించే. రాకీకి ఆ గోలలో నిలబడటం ఇష్టమో కాదో కనుక్కున్న పాపాన పోయినవాడు లేడు.

హ్యాండ్లర్ విద్య తక్కువదని నేననను. నాలుగు కాళ్లూ కుదురుగా సర్ది నిలబెట్టడం, జేబులోని ఉడికించిన లివర్ ముక్క వాసన చూపించి చెవులు నిక్కబొడుచుకునేలా చేయడం, నడుం వాలు జడ్జి కంటపడకుండా పరిగెత్తించడం... అన్నీ ఏళ్ల తరబడి నేర్చుకోవాల్సిన పనులే. న్యూయార్క్ వెస్ట్‌మిన్‌స్టర్ షోలో 2002లో గెలిచిన స్పైస్, 2024లో గెలిచిన సేజ్ రెండూ మినియేచర్ పూడుల్సే. రెంటినీ రింగులో తిప్పిన మనిషి కాజ్ హొసాకా. మరి వాటి యజమానుల పేర్లు చెప్పండి చూద్దాం.

 

నా ఒళ్లు మండేది దాక్కోవడం దగ్గర. యజమాని కనబడితే కుక్క తల తిప్పుతుంది, తోక ఊపుతుంది, నిలబెట్టిన భంగిమ కాస్తా చెదిరిపోతుంది. కాబట్టి సార్ రింగు చుట్టుపక్కలకి రాకూడదు. గాలి ఎటు వీస్తోందో చూసుకుని, తన వాసన అటు పోకుండా నిలబడాలి. ఎంట్రీ ఫీజు కట్టింది ఈయన. గ్రూమింగుకి, బోర్డింగుకి, ప్రయాణానికి, హ్యాండ్లింగుకి విడివిడిగా కట్టిందీ ఈయనే. అంతా కట్టి, షామియానా వెనక, కుక్క బిస్కెట్ల కంపెనీ బ్యానర్ సందులోంచి తన కుక్కని తనే దొంగచూపులు చూస్తాడు.

ఒక్కడే అయితే పోనీ అనుకోవచ్చు. కుటుంబమంతా దాక్కోవాలి. "రాకీ అని పిలిచావంటే వీపు పగులుతుంది" అని పిల్లాడికి తల్లి గుసగుసగా వార్నింగు. డల్లాస్‌లో నిద్ర మానుకుని వీడియో కాల్లోకొచ్చిన బాబాయి కూడా గొంతు తగ్గించే మాట్లాడాలి, ఫోనులోంచి ఆయన గొంతు రాకీ చెవిన పడితే కొంప మునిగిపోతుంది కాబట్టి. ఆ సందులోంచి వీళ్లకి కనబడేది హ్యాండ్లర్ కోటు, జడ్జిగారి టోపీ, అప్పుడప్పుడూ ఒక తోక. అది తమ కుక్క తోకేనా అన్నది మరో చర్చ.

తీరా గెలిస్తే? సందులోంచి అందరూ దూసుకొస్తారు. అంతదాకా లేనట్టే ఉన్న యజమాని ఫొటోలో మధ్యన నిలబడి కప్పు ఎత్తుతాడు. కుక్క కళ్లు మాత్రం హ్యాండ్లర్ జేబు మీదే ఉంటాయి. ఆ ఫొటోకి ఫ్రేము కట్టించి హాల్లో తగిలిస్తారు.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించండయ్యా. మీ కుక్కకి మీ మీదున్న ప్రేమ ఆ రింగులో ఒక లోపం. ఆ లోపం సరిచేయించడానికే మీరు డబ్బు పోస్తున్నారు. మీ దగ్గరుంటే గారాబంతో పాడవుతుందని నెలల తరబడి హ్యాండ్లర్ కెన్నెల్లో వదిలేస్తున్నారు. ఇంటర్ పిల్లల్ని కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో పడేసి, ర్యాంకు వచ్చాక ఫ్లెక్సీ కట్టుకునే బుద్ధే ఇదీ. పిల్లాడైతే కనీసం ఆదివారం ఫోన్ చేసి ఏడుస్తాడు.

ఆ కుక్కలు ఊళ్లు తిరిగే వ్యాన్‌లోకి ఒక్కసారైనా తొంగి చూశారా? బోను మీద బోను ఉంటుంది. వాటి మధ్య ఇరుక్కుని పడుకునే కుర్రాడొకడు ఉంటాడు. అర్ధరాత్రి దాబా దగ్గర కుక్కల్ని దించి తిప్పేది వాడు, బోనులు కడిగేది వాడు, తెల్లారకముందే లేచి బొచ్చు దువ్వేది వాడు. కప్పు ఫొటోలో వాడుండడు. హ్యాండ్లర్ని ఎంచుకోవడానికి మీరు తయారుచేసిన జాబితాలో వాడి జీతం ఎంతన్న ప్రశ్న ఉందా? వ్యాన్ ఆగిపోతే లోపల గాలి ఆడుతుందా అని అడిగారా? ఆయన తెచ్చిన రెండు కుక్కలు ఒకే గ్రూపులో తలపడితే మీదాని గొలుసు ఎవరి చేతికిస్తాడని అడిగారా? కోటు రంగు మాత్రం అడిగారు.

ఈ ఆట పుట్టుకే అలాంటిది లెండి. 1859లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో పెట్టిన షోకి పిలిచింది పాయింటర్లని, సెటర్లని మాత్రమే. బహుమతి తుపాకులు. పాయింటర్లకి తీర్పు చెప్పినవాళ్లలో ఒకరి కుక్క సెటర్లలో గెలిచింది, సెటర్లకి తీర్పు చెప్పినవాళ్లలో ఒకరి కుక్క పాయింటర్లలో గెలిచింది. కాకతాళీయమే అనుకుందాం. ఇక అమెరికాలో, తమ కుక్కని తామే పట్టుకు తిప్పుకునే యజమానుల కోసం కెన్నెల్ క్లబ్ వేరే పోటీ పెట్టాల్సి వచ్చింది. కుక్క ఉన్నవాడు కుక్కని పట్టుకోవడం అక్కడ ఒక ప్రత్యేక విభాగమన్నమాట! మన దగ్గరా ఆ ముచ్చట తీరే రోజు ఎంతో దూరంలో లేదు.

మంచి జాతి లక్షణాలు ఏ కుక్కలో ఉన్నాయో, ఏది తర్వాతి తరానికి పనికొస్తుందో తేల్చడానికే ఈ షోలని చెబుతారు. అలాగైతే కుక్కని చూడండి. ఎవరు పట్టుకుంటే ఎముక మారుతుంది?

పొద్దున తిప్పేది వాచ్‌మన్. అన్నం పెట్టేది పనమ్మాయి. స్నానం సెలూన్‌లో, చదువు కెన్నెల్లో, రింగులో గొలుసు హ్యాండ్లర్ చేతిలో. మరి మీ వాటా ఏమిటి సార్? బిల్లులా? అయితే కప్పు హ్యాండ్లర్‌కి, కాస్త జీతం ఆ వ్యాన్ కుర్రాడికి ఇప్పించి, ఆ బిల్లులకే ఫ్రేము కట్టించి హాల్లో తగిలించుకోండి. వాటి మీదైతే నిజంగా మీ పేరే ఉంటుంది.