అడుగు దూరంలో ఆకాశ విద్యుత్తు

పైన అంతరిక్షంలో మబ్బు పట్టదు, రాత్రి దాదాపు రాదు. అక్కడ సౌరఫలకాలు పరిచి, వచ్చిన కరెంటును మైక్రోవేవ్‌గా మార్చి కిందికి దించుకుంటే సరి! ఇంజనీరు పీటర్ గ్లేసర్ 1968లోనే ఈ మాటన్నాడు. అప్పట్నుంచీ ముహూర్తం వెనక్కి జరుగుతూనే ఉంది. ఈలోగా కాలక్షేపానికి బుల్లి ప్రదర్శన ఉపగ్రహాలు దొరికాయి.

2023 జనవరిలో అమెరికాలోని కాల్‌టెక్ పంపిన 50 కిలోల నమూనానే చూడండి. మొత్తం ప్రాజెక్టుకు డొనాల్డ్ బ్రెన్ దంపతులిచ్చిన విరాళం 10 కోట్ల డాలర్ల పైమాటే. మార్చిలో ఆ నమూనా తీగ లేకుండా కరెంటు పంపింది. ఎంత దూరం? అడుగు. అక్కడున్న రిసీవర్లు అందుకుని రెండు ఎల్‌ఈడీలు వెలిగించాయి. మే నెలలో కాల్‌టెక్ ల్యాబు డాబా మీదా సంకేతం అందింది. అందినట్టు పరికరాలకు తెలిసింది గానీ, బల్బుకు తెలియలేదు. 1975లో ఇదే కాల్‌టెక్ నడిపే జేపీఎల్ ప్రయోగశాల గోల్డ్‌స్టోన్‌లో మైలు దూరానికి 30 కిలోవాట్లకు పైగా పంపింది. మైలు నుంచి అడుగుకు చేరడానికి 48 ఏళ్లు!

ఇంజనీర్లను తప్పుపట్టను. కదిలే భాగమన్నదే లేకుండా, తేలికపాటి చిప్‌లతో మైక్రోవేవ్ పుంజాన్ని కోరిన వైపు తిప్పడం చిన్న పనేం కాదు. నా పేచీ అల్లా, ఆ రెండు ఎల్‌ఈడీలు చూపించి ఇక మనింటికి కరెంటు బయల్దేరిందన్నట్టు చాటింపు వేసేవాళ్లతోనే.

ఎందుకంటే ఇక్కడ చిన్నదాన్ని చూపించి పెద్దదాన్ని నమ్మించడం కుదరదు. యాంటెనా ఎంత చిన్నదైతే పుంజం అంత విచ్చుకుపోతుంది. రెండు మీటర్ల యాంటెనా నుంచి 5.8 గిగాహెర్ట్జ్‌లో కిలోవాటు వదిలామనుకోండి. 450 కిలోమీటర్లు దిగేసరికి అది పాతిక కిలోమీటర్ల పైన పరుచుకుంటుంది. వంద చదరపు మీటర్ల డాబాకు దక్కేది వాటులో వెయ్యో వంతు కూడా ఉండదు. అందుకే భూస్థిర కక్ష్య కోసం వేసిన పాత డిజైన్లలో యాంటెనాయే కిలోమీటరు వెడల్పు.

అంత పెద్దదాన్ని మడతపెట్టి పంపి పైన విప్పాలి. ఆ ముచ్చటా తీరింది. ఇదే నమూనాలోని ఆరడుగుల చట్రం విప్పబోతే తీగ చిక్కుపడి మధ్యలోనే ఆగిపోయింది. కెమెరాల్లో చూస్తూ, కింద ల్యాబులో అదే చిక్కు మళ్లీ వేసి చూసి, ఎండ తగిలి వెచ్చబడితే అది మెరుగ్గా విచ్చుకుంటుందని తేల్చారు. చివరికి విప్పారు. ఆ ఉపగ్రహానికి సూర్యుడు చేసిన తిరుగులేని ఉపకారం బహుశా అదే.

ఖర్చు సంగతి నాసా చెప్పింది. 2050లో పని మొదలుపెట్టినా ఈ కరెంటు నేలమీది పునరుత్పాదక విద్యుత్తు కన్నా 12 నుంచి 80 రెట్లు ఖరీదని 2024 జనవరి నివేదికలో లెక్క తేల్చింది. తమ నమూనా యాత్ర దిగ్విజయంగా ముగిసిందని కాల్‌టెక్ ప్రకటించిందీ అదే నెలలో. తర్వాతి ఉపగ్రహం ప్రకటన రాసేవాళ్లకు ఒకటే మనవి: కింద చేతికందినవి ఎన్ని వాట్లో మొదటి వాక్యంలోనే వేయండి, చదివేవాళ్లకు శ్రమ తగ్గుతుంది.