పురానాపూల్ నెబులైజర్ ఆత్మకథ

నేను నెబులైజర్‌ని. మూసీ నది మీది పాత వంతెన పురానాపూల్, దాని దర్వాజాకి దగ్గర్లో ఒక డాక్టరమ్మ నడిపే చిన్న క్లినిక్‌లో, కిటికీ పక్క బల్ల మీద ఉంటాను. ఇక్కడి జనం నన్ను ఆవిరి మిషన్ అంటారు గానీ నాలో వేడీ లేదు, ఆవిరీ లేదు. ఉన్నదల్లా గాలిని ఒత్తి తోసే కంప్రెసర్. ఆ గాలి పైపులోంచి వచ్చి, మందు పోసిన చిన్న గిన్నె అడుగున సన్నటి రంధ్రం గుండా దూసుకుపోతుంది. ఆ విసురుకి మందు పైకి లేచి, ఎదురుగా ఉన్న అడ్డుకి కొట్టుకుని తుంపరై చిట్లుతుంది. బిందువు 1 నుంచి 5 మైక్రాన్ల లోపు ఉంటేనే ఊపిరితిత్తుల్లోని సన్న గొట్టాల దాకా చేరుతుంది. అంతకంటే పెద్దవి గొంతులోనే ఆగిపోతాయి. గిన్నెలో పోసేది సాల్బుటమాల్, దాన్ని పలచన చేయడానికి సెలైన్. సెలైన్ అంటే లీటరు నీళ్ళకు 9 గ్రాముల ఉప్పు. మందు పక్కన పెడితే నేను మనిషికి అందించేవి గాలి, నీళ్ళు, ఉప్పు, అంతే.

నా దగ్గరికి వచ్చేవాళ్ళు తమకు పడవని చెప్పేదీ తరచుగా వీటినే.

తొలకరి రోజుల్లో, పాత వంతెన మీద కూరగాయలమ్మే ఒక తల్లి కొడుకును చంకనేసుకుని పరుగున వచ్చింది. "డాక్టరమ్మా, పిలగానికి గాలి పడ్తలేదు. ఫ్యాన్ బంద్ జేసిన, కిటికీలు మూసిన, అయినా దమ్ము లేస్తనే ఉంది" అంది. పిల్లవాడు పీల్చిన ప్రతిసారీ మెడ కింద గుంట పడుతోంది, డొక్కలు లోపలికి పోతున్నాయి. ఊపిరి వదిలేటప్పుడు సన్నగా పిల్లికూత. మాస్కు పెట్టి నన్ను ఆన్ చేశారు. మొదట తల అటూ ఇటూ విదిలించాడు. కాసేపటికి భుజాలు కిందికి దిగాయి. గిన్నె ఖాళీ అయ్యే వేళకు తల్లి కొంగు పట్టుకుని బిస్కెట్ అడిగాడు.

అప్పుడు డాక్టరమ్మ ఆమెను కూర్చోబెట్టి అడిగింది. "ఇంటి మీద పావురాలున్నయా అమ్మా? పరుపు ఎండకేసి ఎన్నాళ్ళయింది? ఇంట్ల ఎవరన్న బీడీ తాగుతరా? గాలి పడకపోతే వీడు ఇన్నేండ్లు బతికేవాడా? గాలిల కలిసొచ్చేది పడ్తలేదు. అది దొరకబట్టాలె."

నా జీవితంలో నేను నేర్చుకున్న విద్యంతా ఆ మాటలో ఉంది. ఇలా పడకపోవడానికి అలర్జీ అనే పేరు పెట్టింది వియన్నా పిల్లల డాక్టరు క్లెమెన్స్ ఫాన్ పిర్కే, 1906లో. అలర్జీ ఉన్న మనిషి ఒంట్లో ఐజీఈ అనే యాంటీబాడీలు తయారై, మాస్ట్ కణాలకు అంటుకుని కాచుకుని ఉంటాయి. పడని పదార్థం రాగానే ఆ కణాలు హిస్టమిన్ వంటివి వదులుతాయి. చర్మం మీద దద్దుర్లు, ముక్కులో నీళ్ళు, ఊపిరి గొట్టాల్లో బిగింపు, అన్నీ వాటి వల్లే. అయితే యాంటీబాడీ దేన్నైనా గుర్తుపట్టాలంటే దానికో పెద్ద ఆకారం కావాలి. పుప్పొడిలోనో, దుమ్ముపురుగు రెట్టలోనో, బొద్దింక పొట్టులోనో ఉండే ప్రోటీన్‌కు ఆ ఆకారం ఉంది. నీటి అణువంటే మూడు పరమాణువులు. ఆక్సిజన్‌కు రెండే. పట్టుకోవడానికి వాటిలో ఏమీ లేదు. పైగా పెద్దవాళ్ళ ఒంటి బరువులో సగానికి పైగా నీళ్ళే. వాటితో వైరమంటూ ఉంటే అది అమ్మ కడుపులోనే బయటపడాలి.

మరి నీళ్ళు తగిలితే దద్దుర్లు వచ్చే జబ్బు లేదా? ఉంది, కానీ చాలా అరుదు. 1964లో అమెరికాలో షెల్లీ, రాన్స్‌లీ అనే ఇద్దరు డాక్టర్లు మొదటిసారి దాన్ని వివరంగా రాశారు. నీళ్ళు వేడివైనా చల్లవైనా, తగిలిన అరగంట లోపు సన్నటి దద్దుర్లు లేస్తాయి, గంటో రెండు గంటలో ఉండి తగ్గిపోతాయి. కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. చర్మం మీది పదార్థమేదో నీళ్ళలో కరిగి లోపలికి దిగడం వల్ల కావచ్చని ఒక ఊహ. వీళ్ళలో ఎక్కువమంది నీళ్ళు మామూలుగానే తాగుతారు.

స్నానం చేస్తే ఒళ్ళంతా దద్దుర్లంటూ ఒక కాలేజీ అమ్మాయి మా క్లినిక్‌కి వచ్చింది. భయంతో స్నానమే కాదు, నీళ్ళు తాగడమూ తగ్గించేసింది. డాక్టరమ్మ 35 డిగ్రీల నీళ్ళలో గుడ్డ తడిపి వీపు మీద అరగంట ఉంచింది. ఏమీ లేవలేదు. మెట్లు ఎక్కి దిగమంది. చెమట పట్టగానే మెడ మీద చుక్కలు చుక్కలుగా లేచాయి. ఆమెకు పడనిది ఒంట్లో పుట్టే వేడి, నీళ్ళు కావు. వంతెన కిందున్న మూసీలో కాళ్ళు పెడితే దురద పుడుతుందని వచ్చేవాళ్ళూ ఉన్నారు. ఆ తప్పు మురుగుది, రసాయనాలది. 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా ఈ వంతెన కట్టించినప్పుడు కింద పారిన నీళ్ళలో అవి లేవు.

ఉప్పు సంగతీ ఇంతే. చేప పడనివాళ్ళు తమకు అయోడిన్ పడదనుకుని అయోడిన్ ఉప్పు మానేస్తుంటారు. చేపలో, రొయ్యలో గొడవ పెట్టేది వాటి ప్రోటీన్. థైరాయిడ్ గ్రంథి తయారుచేసే ఒక్కో థైరాక్సిన్ అణువులో నాలుగు అయోడిన్ పరమాణువులుంటాయి. అది లేకుండా ఒళ్ళు నడవదు.

ప్రాణాధారమైనదే పడని సందర్భం మాత్రం ఒకటి నిజంగా ఉంది. అది ఇన్సులిన్. 1922లో టొరంటోలో షుగర్ రోగులకు పశువుల క్లోమం నుంచి తీసి ఇవ్వడం మొదలుపెట్టారు. ఎందరి ప్రాణాలో నిలబెట్టిన ఆ మందే కొందరికి దద్దుర్లు తెచ్చింది. ఇన్సులిన్ ప్రోటీన్ కాబట్టి యాంటీబాడీకి దొరుకుతుంది. 1982లో మనిషి ఇన్సులిన్‌ను బ్యాక్టీరియాతో తయారుచేసి అమ్మడం మొదలయ్యాక ఈ బాధ బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. అలాంటివాళ్ళకు కూడా డాక్టర్లు ఇన్సులిన్ మాన్పించేయరు. వేరే రకానికి మారుస్తారు, లేదా ఆస్పత్రిలో కళ్ళెదుట ఉంచుకుని అతి కొద్ది మోతాదుతో మొదలెట్టి మెల్లగా పెంచుతూ ఒంటికి అలవాటు చేస్తారు. కావలసినదాన్ని వదులుకోకుండా దారి వెతకడమే వైద్యం.

ఊపిరి కోసం అలా దారి వెతుక్కుంటూ జనం వచ్చిన చోటొకటి మా పక్కనే ఉంది, దూద్‌బౌలి. మృగశిర కార్తె రోజున ఉబ్బసానికి కొరమీను పిల్లతో మందు మింగించే బత్తిని వారి ఇల్లు అక్కడే. తర్వాతి కాలంలో ఆ పంపిణీ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కి మారింది. దాని గుణాన్ని వైద్యశాస్త్రం నిర్ధారించలేదు. అయినా ఎక్కడెక్కడి నుంచో వచ్చి రాత్రంతా క్యూలో నిలబడే వాళ్ళను నేను తప్పుపట్టను. ఊపిరాడని బాధ ఎంతటిదో నాకు తెలుసు. నా మాట ఒక్కటే: ఆ మందు మింగామని ఇన్‌హేలర్ ఆపేయకండి.

తల్లుల్లారా, పిల్లలకు ఏది పడదో పరీక్షలో తేలకుండా పాలు, గుడ్డు, పండు, నీళ్ళు అన్నీ ఒక్కొక్కటిగా మాన్పించకండి. అలా మాన్పిస్తే జబ్బు తగ్గదు, బిడ్డ చిక్కిపోతుంది. ఏం తిన్నాక, ఎక్కడికి వెళ్ళాక, ఎంతసేపటికి మొదలైందో కాగితం మీద రాసి డాక్టరు ముందు పెట్టండి. పెదవులు వాచినా, గొంతు పట్టేసినా, మాట తెగిపోతున్నా నాలాంటి మిషన్ కోసం వెతుక్కుంటూ కూర్చోకండి, 108కి ఫోన్ చేయండి. అప్పుడు ముందుగా పడాల్సింది అడ్రినలిన్ ఇంజెక్షన్, అది నా గిన్నెలో ఉండదు.