కేతిగాడి తోలుబొమ్మ ఆత్మకథ

తోలుబొమ్మలాటలో దేవతలు, రాజులు, రాక్షసులు కథను నడిపిస్తే, ఆ కథను తెర ముందు కూర్చున్న పిల్లల దగ్గరకు చేర్చే బాధ్యత కేతిగాడిది. రామాయణ భారతాలలో ఎక్కడా కనిపించని ఈ హాస్యపాత్ర బంగారక్కతో తగవులాడుతూ, జుట్టుపోలిగాడితో పరాచికాలాడుతూ, పద్యాలూ పాటలూ సాగుతుండగానే తెరమీదికి దూకి, ఆ ఊరి సంగతులను ఆ ఊరి యాసలోనే చెప్పిపోతుంది. తన జీవితాన్ని ఇక్కడ చెప్పుకొంటున్న బొమ్మ అటువంటి కేతిగాడిదే. ఒకప్పుడు విశాఖపట్నంలో పలు భాషల పిల్లలను ఒకే తెర ముందు నవ్వించిన ఆ బొమ్మ, ఇప్పుడు అదే నగరంలో ఒక సామాన్ల గదిలో బీరువాకూ గోడకూ మధ్య ఒరిగి ఉంది.

దాని పుట్టుక గురించి చెప్పవలసింది కొంచెమే. మేకతోలును శుభ్రపరచి, వెలుతురు చొరబడేంత పలుచన చేసి, ఉలితో చిల్లులు పొడిచి, రెండు వైపులా రంగులు పూసి, విడిగా కత్తిరించిన చేతులను, కాళ్లను దారపు ముడులతో కీళ్లుగా కట్టి, నడుమ నిలువునా చీల్చిన వెదురు దబ్బను బిగించారు. ఈ ఆట చాలా పాతది. 13వ శతాబ్దికి చెందిన పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రలో దీని ప్రస్తావన ఉంది. దీన్ని వంశపారంపర్యంగా నిలుపుకొన్న కుటుంబాలలో అనేకం ఇంట్లో మరాఠీకి చేరువైన ఆరె భాష మాట్లాడుకుంటూ, తెర వెనుక మాత్రం రంగనాథ రామాయణాన్ని తెలుగులో పాడతాయి. ఒక భాషలో బతుకుతూ మరొక భాషలో కథ చెప్పడం ఆ ఇళ్లలో ఉగ్గుపాలతో అబ్బిన విద్య కాబట్టి, ఈ బొమ్మకు కూడా పరాయి పిల్లలంటే ఎన్నడూ బెరుకు కలగలేదు.

విశాఖపట్నం ఆ విద్యకు తగిన ఊరు. 1933లో ఓడరేవు మొదలయ్యాక, 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారం పనిచేయడం ఆరంభించాక, ఒడిశా, బెంగాల్, బిహార్, తమిళనాడు, కేరళల నుంచి కుటుంబాలు పనికోసం తరలివచ్చి ఇక్కడ స్థిరపడ్డాయి. అటువంటి ఇళ్ల పిల్లలు చదివే పాఠశాలలో, రాత్రంతా సాగవలసిన ఆటను గంటకు కుదించి లంకాదహనం ఆడినప్పుడు, ముందు వరుసలో కూర్చున్నవారిలో తెలుగు ఇంటిభాష కానివారు ఎందరో ఉండేవారు. హనుమంతుడి తోకకు గుడ్డలు చుట్టే ఘట్టంలో ఆటగాడు ఎడమచేత్తో దబ్బను పట్టుకొని, కుడిచేత్తో మోచేతి పుల్లను ఎగదోస్తూ, కాలికింది చెక్కపలకను టకటకా తొక్కుతూ, "ఓలమ్మో, ఈ తోకేటి ఇలగ పెరిగిపోతంది!" అని ఉత్తరాంధ్ర యాసలో కేకపెట్టేవాడు. ఆ కేక అర్థమైనవాళ్లు ముందు నవ్వేవారు; అర్థం కానివాళ్లు, గుడ్డ చాలక అటూ ఇటూ పరుగెత్తే బొమ్మ చేతులను చూసి, పక్కవాడిని అడిగే లోపలే నవ్వేవారు. మరుసటి ఘట్టానికి ఆ పిల్లలే కేతిగాడికి వానరుడు ఎటు దూకాడో తమతమ భాషల్లో అరిచి చెప్పేవారు. ఈ బొమ్మ తన బతుకులో గర్వపడేది ఆ అరుపులకే.

ఈ పని కేతిగాడొక్కడిదే కాదు. జావా ద్వీపంలో గేదెతోలుతో చేసే వాయాంగ్ బొమ్మలు రామాయణ భారతాలనే ఆడతాయి. అక్కడ పనకవన్ అనే విదూషక పరివారం, అంటే సెమార్, అతని కొడుకులు గారెంగ్, పెత్రుక్, బాగోంగ్, పాండవుల వెంట నడుస్తూ నేటి సంగతులు ముచ్చటిస్తారు. తుర్కియేలో ఒంటెతోలుతో చేసే కరాగోజ్, చదువులేని సామాన్యుడి భాషలో మాట్లాడి, చదువుకున్న హజివాత్‌ను తికమకపెడతాడు. పొరుగున ఉన్న ఒడిశా రావణఛాయలో బొమ్మలకు రంగులూ లేవు, కీళ్లూ లేవు. అయినా ఆ నల్లని నీడలే రామకథను నడిపిస్తాయి. కథ ఎంత దూరదేశానిదైనా, తన ఇంటి మాట మాట్లాడే పాత్ర ఒకటి అందులో ఉంటే పిల్లవాడు దాని చేయి పట్టుకొని కథలోకి నడిచిపోతాడని ఈ బొమ్మలన్నీ చెబుతున్నాయి.

ఆటలు తగ్గి, ఆటగాడికి ఇల్లు గడవడమే కష్టమైనప్పుడు, అతడు ఈ బొమ్మను ఒక ప్రదర్శనశాలలో అమ్ముకున్నాడు. అతని మీద దీనికి కోపం లేదు; తోలుబొమ్మల కుటుంబాలు దీపపు గొడుగులు, గోడబొమ్మలు చేసి పొట్టపోసుకొనే కాలమిది. దీని కోపమంతా కొన్నవారి మీద. వారు దీన్ని అద్దాల చట్రంలో బిగించి, ఒక కార్యాలయపు స్వాగత గదిలో వేలాడదీశారు. వెనుక దీపం పెడితే తప్ప రంగు విప్పని తోలుకు ముందునుంచి వెలుతురు పడితే, ఎరుపు గోధుమరంగుగా, పచ్చ మసిగా కనిపిస్తుంది. వచ్చిపోయేవారు దాని పేరు అడగలేదు. వెంట వచ్చిన పిల్లలను, ముట్టుకోవద్దని పెద్దలు వెనక్కి లాగారు. కొన్నేళ్లకు గదికి కొత్త రంగులు వేసినప్పుడు చట్రం పగిలింది, బొమ్మ సామాన్ల గదికి చేరింది. సముద్రపు గాలిలోని తేమకు తోలు అంచులు వంకర తిరిగాయి, చెంపమీద బూజు పట్టింది, మోచేతి ముడిని పురుగు కొరికింది. పిల్లలను అంతగా నవ్వించిన ఆ చేయి ఇప్పుడు ఒక్క దారపు పోగుమీద వేలాడుతోంది. ఆ గదిలోకి వచ్చేవారు పాత ఫైలు కోసం వస్తారు, తీసుకొని తలుపు వేసుకొని పోతారు.

ఈ కళకు గౌరవాలు అందకపోలేదు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించింది. నిమ్మలకుంటకు చెందిన తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. అందుకు ఈ బొమ్మ మనసారా సంతోషిస్తుంది. అయితే బొమ్మకు చట్రం వల్ల గానీ, పట్టిక మీద పేరు వల్ల గానీ ప్రాణం రాదు. తెగిన ముడిని తిరిగి కట్టడం ఆటగాడికి క్షణంలో పని. తెల్లని పంచె ఒకటి, వెనుక దీపం ఒకటి ఉంటే తెర సిద్ధమవుతుంది. ఓడరేవు ఊరి బడులు ఏడాదికి ఒక్క సాయంత్రమైనా ఆటగాళ్లను తగిన పారితోషికమిచ్చి పిలిపించి, ఒడియా పిల్లవాడినీ బెంగాలీ పిల్లనూ తెలుగు పిల్లల పక్కన కూర్చోబెట్టి కథ చెప్పిస్తే, ఈ కేతిగాడు తన పని మరచిపోలేదని వారే చూస్తారు.