బిర్యానీ మోసే బుల్లి రైలుకు బహిరంగ లేఖ

బల్లల మధ్య పట్టాల మీద తిరిగే ఓ బొమ్మ రైలూ,

నువ్వుండే హోటలు పేరు రాసి దాని గిరాకీ చెడగొట్టను. నీలాంటివి ఇప్పుడు చాలా ఊళ్లలో ఉన్నాయి, కాబట్టి మీ అందరికీ కలిపి ఒకటే ఉత్తరం.

మొన్న సెలవు రోజున ఇంటిల్లిపాదీ పాతబస్తీ తిరిగి, చెప్పుకోవలసిన కబుర్లు బోలెడు వెంటేసుకుని నీ దగ్గరికొచ్చాం. లాడ్ బజార్లో ఓ దుకాణం వెనకాల, బొగ్గుల కుంపటి ముందు కూర్చున్నాయన లక్కను వేడిచేసి, సాగదీసి, గుండ్రంగా వంచి, అది గట్టిపడేలోపు రాళ్లు ఒక్కొక్కటే అద్దుతుంటే మా చిన్నది అక్కణ్నుంచి కదల్లేదు. "చెయ్యి కాలదా తాతా?" అంది. ఆయన పని ఆపి, నవ్వి, వేళ్లు చూపించాడు. ఆ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ వేళ్లకేం వచ్చిందో ఆయన్నే అడగాలి.

పత్తర్‌గట్టీ రాతి కమాన్ల కింద అత్తరు సాయిబు మా మామయ్యగారి మణికట్టుకు మట్టి అత్తరు రాశాడు. కాల్చిన మట్టిని నీళ్లతో మరిగించి, ఆ ఆవిరిని గంధపు నూనెలోకి పట్టి కన్నౌజ్‌లో చేస్తారట. తొలకరి వాసన సీసాలో దొరుకుతుందని మురిసిపోయిన మామయ్యగారు, ధర వినగానే చెయ్యి తుడుచుకోబోయారు. ఛత్తా బజార్లో మా ఆయన శుభలేఖలకు బేరం కూడా ఆడేశారు. మా ఇంట్లో పెళ్లీడుకొచ్చిన వాళ్లే లేరు!

ఇవన్నీ తీరిగ్గా చెప్పుకుందామంటే నువ్వు పడనిచ్చావా?

వేషాలంటే నాకేం కోపం లేదు. ప్లాస్టిక్ సిగ్నలు స్తంభం, టికెట్ కిటికీలాంటి బిల్లు కౌంటరు, ఎర్రచొక్కాకు ఇత్తడి బిళ్ల తగిలించుకున్న సర్వర్లు... అంత సింగారముంటేనే మా పిల్లలు మెతుకు ముడతారు. నా గొడవల్లా నీ కూతతోనే. ఒంటికేమో వందే భారత్ రంగు, గొంతేమో బొగ్గింజనుది. మా బల్లకొచ్చినా కూతే, ఎవరి బల్లకు పోయినా కూతే. చిన్నది "ఆ తాత వేళ్లు..." అని ఎత్తుకున్నప్పుడల్లా నువ్వు అరిచావు. చివరికి అది చెప్పడం మానేసి ఫోనులో నిన్ను వీడియో తీసుకుంది.

ఇంకో సంగతి. మా మామయ్యగారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. ఆ ఉద్యోగాన్ని 2022 నుంచి ట్రైన్ మేనేజర్ అంటున్నారు, ఆయన ముందు మాత్రం ఆ మాట ఎత్తకు. మాకిచ్చిన బల్ల పేరు డోర్నకల్. పసుపు బోర్డు, నల్ల అక్షరాలు, అంతా బాగుంది గానీ సముద్రమట్టం నుంచి ఎత్తు ఎందుకు రాయలేదని ఆయన సర్వరును నిలదీశారు. పక్క బల్ల తిరుపతి. "డోర్నకల్ దాటితే ఖమ్మం వైపు పోవాలి గానీ తిరుపతి ఎలా వస్తుందయ్యా?" ఆ కుర్రాడు మేనేజరును పిలుస్తానని పోయినవాడు మళ్లీ కనిపించలేదు.

ఇంతలో సూపుతో నువ్వొచ్చావు. రెండు గిన్నెలు దింపామో లేదో కదిలిపోయావు. మూడో గిన్నె మలుపులో సగం ఒలికి తిరుపతి వాళ్ల ముందుకెళ్లింది. వాళ్లు పెద్దమనసుతో ముట్టుకోలేదు. నీకేమో వెనక్కి రావడం తెలియదు. హోటలంతా చుట్టి, కూతలు పెట్టుకుంటూ, చల్లారిన సూపు తెచ్చావు. "గార్డు పచ్చజెండా ఊపకుండా బండి ఎలా తీశార్రా?" అని మామయ్యగారు లేచి నిలబడ్డారు. ఎవరినని అడుగుతారు? బజార్లో పొద్దుటినుంచీ మేం అడిగిందానికల్లా పని ఆపి జవాబు చెప్పిన మనుషులున్నారు. నీ దగ్గర స్విచ్చు తప్ప ఎవరూ లేరు.

కాబట్టి మీ యజమానికి చెప్పు. వంటింట్లోంచి బయల్దేరేటప్పుడు ఒక్క కూత చాలు. గిన్నెలన్నీ దిగేదాకా ఆగు. ఎర్రచొక్కా కుర్రాడి చేతికో పచ్చజెండా ఇవ్వు, అతను ఊపాకే కదులు.

పిల్లలు మళ్లీ రావాలంటున్నారు, వస్తాం. ఈసారి మాకు కాజీపేట బల్ల ఇప్పించు. వంటింటికి అదే మొదటి స్టేషను, సూపు వేడిగా దొరుకుతుంది. మామయ్యగారు తన పాత జెండాలు తెస్తానంటున్నారు. దానికి మాత్రం మా పూచీ లేదు.

ఇట్లు,
డోర్నకల్ బల్ల ప్రయాణికురాలు