గిద్దెడు బియ్యం: టీకా తాత్పర్య సహితం

మూలం: ‘‘అమ్మాయీ! బండి మీది తోటకూర నాలుగు కట్టలు తీసుకో, పప్పులో వెయ్యి, ఎసట్లో బియ్యం గిద్దెడు తగ్గించు.’’

అవతారిక: కృష్ణా పశ్చిమ డెల్టాలో, చీరాలకు చేరువలో, కొమ్మమూరు కాలువ దగ్గర వరి పండించే కారంచేడు 1970 వరకు గుంటూరు జిల్లాలోను, పిమ్మట ప్రకాశం జిల్లాలోను ఉండి, 2022లో బాపట్ల జిల్లాకు చేరింది, జిల్లాలు మారినా కంచంలో అన్నపు రాశి మాత్రం కదలలేదు. అటువంటి ఊళ్లో ఒక అత్తగారు కోడలికి చేసిన ఈ ఆజ్ఞ పైకి వంటింటి మాటే అయినా, నిత్యాహార నిర్ణయమంతా ఇందులోనే ఇమిడి ఉన్నందున వ్యాఖ్యానార్హమైనది.

టీక: ‘అమ్మాయీ’ అనేది సంబోధన. తినేవారందరినీ వదలి వండే ఒక్కతెనే పిలవడం లోకాచారమే గాని శాస్త్రసమ్మతం కాదు. ‘బండి మీది’ అంటే వీధిలోకి వచ్చే తోపుడుబండి మీద ఉన్నది. ఈ విశేషణంతో పొట్లాలలో నెలల తరబడి నిలవ ఉండే సరుకంతా నిషిద్ధమైంది. కోసింది మొదలు ఆకులోని విటమిన్ సి తగ్గుతూనే ఉంటుంది గనుక, పొద్దెక్కేసరికి కొసలు వాడి, కాడలు మెత్తబడిన కట్ట ఆ బండి మీదే ఉన్నా ఈ విశేషణానికి తగదు.

‘తోటకూర’ ఇక్కడ ఆకుకూరలన్నిటికీ ఉపలక్షణం, అంటే ఒకటి చెప్పి తక్కినవాటినీ స్ఫురింపజేయడం. ఇందులో ఇనుముతో పాటు, రక్తకణాలు ఏర్పడడానికి కావలసిన ఫోలేట్ అనే బి వర్గపు విటమిన్ ఉంటుంది. దాని కృత్రిమ రూపమైన ఫోలిక్ ఆమ్లాన్ని 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఫోలేట్ నీటిలో కరిగేది కనుక, ఆకును ఉడికించి నీరు వారిస్తే నీటితోపాటే పోతుంది. ‘పప్పులో వెయ్యి’ అనే విధికి ప్రయోజనమిదే: ఉడికిన నీరు పప్పులోనే నిలుస్తుంది. దించిన తరువాత నిమ్మచెక్క పిండితే ఆకులోని ఇనుము ఒంటికి బాగా పడుతుందని ఇక్కడ చేర్చుకోవాలి.

‘గిద్దెడు’ అంటే సోలలో నాలుగో వంతు. అన్నం తగ్గితే బలమెక్కడిది అని పూర్వపక్షం. దానికి సమాధానం ఈ డెల్టా చరిత్రలోనే ఉంది. బెరిబెరి అనేది థయమిన్ అనే బి1 విటమిన్ లోపించడంతో నరాలు, గుండె దెబ్బతినే వ్యాధి. మద్రాసు రాష్ట్రపు రోజులలో అది ఉప్పుడుబియ్యం తినే తమిళ సీమను విడిచి, మరపట్టిన పచ్చిబియ్యం తినే ఉత్తర సర్కారు జిల్లాలలో పాదుకొన్నది. వడ్లను నానబెట్టి ఉడికిస్తే తవుడులోని థయమిన్ గింజలోకి ఇంకుతుంది. పచ్చివడ్లను తెల్లగా మరపడితే అది తవుడుతోపాటు గేదెల కుడితిలో చేరుతుంది. కాబట్టి బియ్యపు సారం గేదెలకు, తెలుపు మనుషులకు దక్కాయి. ఆపైన 1986లో బాపట్ల పరిశోధనా కేంద్రం నుండి సాంబ మసూరి వచ్చింది. సన్నగా, పొడిపొడిగా ఉండి మరో ముద్ద తినిపించే ఈ బియ్యం ముందు పూర్వపక్షం మరింత బలపడిందని ఒప్పుకోక తప్పదు.

తాత్పర్యం: శాస్త్రగ్రంథాలలో మూలం పిడికెడు, వ్యాఖ్య బారెడు, డెల్టా కంచంలో మూలమైన అన్నమే బారెడు, వ్యాఖ్య అయిన కూర పిడికెడు. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు తరలిన జాతీయ పోషకాహార సంస్థ 2024 నాటి మార్గదర్శకాలలో కంచంలో దాదాపు సగం కూరగాయలు, ఆకుకూరలు, దుంపలు, పండ్లే ఉండాలని, ధాన్యాల నుండి వచ్చే శక్తి నూటికి 45 పాళ్లు మించరాదని చెప్పింది. అత్తగారు అంత దూరం పోలేదు. ఒక్క పూటలో అంత కోత పెడితే ఆకు ముందు కూర్చున్నవారు ఊరుకోరని ఆమెకు తెలుసు. గిద్దె తగ్గిన సంగతి వారికి తెలియకూడదనే కట్టలు నాలుగు చెప్పింది.

పాఠాంతరం: కొన్ని ఇళ్లలో చివర ‘‘ఆవకాయ జాడీ ఇటు జరుపు’’ అనే వాక్యం అదనంగా వినిపిస్తుంది. రోజు మొత్తానికి 5 గ్రాముల ఉప్పు చాలునన్న పై సంస్థ మాటకు ఇది విరుద్ధం. పైగా ఇందులో ‘అమ్మాయీ’ అనే పిలుపైనా లేదు గనుక, ఇది అత్తగారి వాక్కు కాదని, ఆకు ముందు అప్పటికే కూర్చున్నవారి ప్రక్షిప్తమని పరిష్కర్తల నిర్ణయం.