పుస్తకాల షాపు గుమ్మం దగ్గర: ఒక బుక్‌మార్క్ ఆత్మకథ

ఈ కథ చెబుతున్నది ఒక బుక్‌మార్క్. తన సంగతే చెప్పుకుంటున్నా ‘నేను’ అనదు. జానెడు కాగితం ముక్కలో గొప్పేమీ లేదనీ, ఉన్న గొప్పంతా దాన్ని ఎవరి చేతిలో పెట్టాలో తెలిసినవాళ్ళదనీ దాని నమ్మకం.

అది 2007లో బెంగళూరులో పుట్టింది. ఆ ఏడాది అక్టోబరులో సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ కోరమంగళలోని ఒక ఫ్లాటులో ఫ్లిప్‌కార్ట్ వెబ్‌సైట్ మొదలుపెట్టారు. ఇద్దరిదీ చండీగఢ్. ఇద్దరూ ఢిల్లీ ఐఐటీలో చదివి, అమెజాన్‌లో ఉద్యోగం చేసినవాళ్ళే. ఇంటిపేరు ఒకటే గాని చుట్టరికం లేదు. మొదట వాళ్ళు ఆన్‌లైన్ షాపుల ధరలు పోల్చి చూపే సైటు పెడదామనుకున్నారు. పోల్చడానికి దేశంలో చెప్పుకోదగ్గ షాపులే లేవని తేలేసరికి, తామే ఆన్‌లైన్ పుస్తకాల షాపు తెరిచారు. పెట్టుబడి తలా రెండు లక్షలు. సైటు నడవాలన్నా, పుస్తకాలు కొని పంపాలన్నా అందులోంచే. టీవీ ప్రకటన మాట దేవుడెరుగు, పేపర్లో ప్రకటన వేయించాలన్నా ఆలోచించాల్సిన పరిస్థితి.

అందుకే బుక్‌మార్కులు అచ్చువేయించారు. బెంగళూరులో పేరున్న గంగారామ్స్ పుస్తకాల షాపు బయట సచిన్, బిన్నీలే నిలబడి వాటిని పంచారు.

ఆ చోటు ఎంచుకోవడంలోనే తెలివంతా ఉంది. సిగ్నల్ దగ్గర పంచే కరపత్రం వందమంది చేతుల్లో పడినా, వాళ్ళలో పుస్తకాలు కొనేవాళ్ళు ఎందరో ఎవరికీ తెలియదు. షాపులోంచి సంచీతో బయటికొస్తున్న మనిషి సంగతి అలా కాదు. అతను చదువుతాడు, డబ్బు పెట్టి కొంటాడు, రేపు మళ్ళీ కొంటాడు. కరపత్రాన్ని నాలుగడుగులు వేశాక పారేస్తారు. బుక్‌మార్క్‌ను అప్పుడే కొన్న పుస్తకంలో పెట్టుకుంటారు. రాత్రి చదవడం ఆపిన పేజీలో అది ఉంటుంది, మర్నాడు పుస్తకం తెరవగానే సైటు పేరు మళ్ళీ కంటబడుతుంది. ఒక్కసారి పెట్టిన అచ్చు ఖర్చుకు పుస్తకం పూర్తయ్యేదాకా ప్రచారం జరుగుతూనే ఉంటుంది.

బుక్‌మార్క్ ఒంటరిగా ఈ పని చేయలేదు. ఫ్లాటులో కూర్చుని ఆ ఇద్దరూ మరో పని మీద పట్టు పెంచుకున్నారు. ఎవరైనా గూగుల్‌లో ఒక పుస్తకం పేరు కొడితే తమ సైటులోని ఆ పుస్తకం పేజీయే పైన కనిపించాలి. అందుకు తగ్గట్టుగా పేజీలను తీర్చిదిద్దారు. షాపు గుమ్మం దగ్గర బుక్‌మార్క్ చేసిన పనినే నెట్‌లో ఆ పేజీలు చేశాయి: కొనాలనుకునే మనిషికి సరిగ్గా ఆ సమయంలోనే ఎదురుపడటం.

మొదటి ఆర్డరు తెలుగు నేల నుంచే వచ్చింది. మహబూబ్‌నగర్‌కు చెందిన ఒక ఇంజనీరు, జాన్ వుడ్ రాసిన ‘లీవింగ్ మైక్రోసాఫ్ట్ టు చేంజ్ ద వరల్డ్’ కోసం వెతుకుతూ ఈ కొత్త సైటులో దాన్ని ఆర్డరు చేశారు. ఆ పుస్తకం తేలిగ్గా దొరికేది కాదు. సచిన్, బిన్నీ బెంగళూరులోని షాపులన్నీ గాలించి సంపాదించి పంపారు. మొదటి కొనుగోలుదారును ఖాళీ చేతులతో పంపకపోవడం ఏ ప్రకటనకూ తీసిపోని ప్రచారం. అయినా ఆర్డర్లు వెల్లువెత్తలేదు. ఆ ఏడాది ముగిసేసరికి అవి ఇరవై దగ్గరే ఉన్నాయి. నెట్‌లో కార్డు నంబరు ఇవ్వడానికి జనం జంకే రోజులవి. 2010లో ‘సరుకు చేతికందాకే డబ్బు’ పద్ధతి తెచ్చాక ఆ జంకు చాలావరకు తగ్గింది.

తక్కువ ఖర్చుతో ఇలాంటి పని చేసినవాళ్ళు వేరే దేశాల్లోనూ ఉన్నారు. 1996లో సబీర్ భాటియా, జాక్ స్మిత్ హాట్‌మెయిల్ ప్రారంభించినప్పుడు, వెళ్ళే ప్రతి ఉత్తరం అడుగున ఉచిత ఈమెయిల్ గురించి ఒక్క వాక్యం చేర్చారు. వాడేవాళ్ళే ప్రచారకర్తలయ్యారు. 2008 అమెరికా ఎన్నికల వేళ ఇళ్ళు, గదులు అద్దెకు చూపే ఎయిర్‌బీఎన్‌బీ వ్యవస్థాపకులు అభ్యర్థులు ఒబామా, మెకెయిన్ పేర్లతో అల్పాహారపు సీరియల్ అట్టపెట్టెలు తయారుచేసి ఒక్కొక్కటి 40 డాలర్లకు అమ్మారు. పత్రికలు రాశాయి, సైటు బతకడానికి డబ్బూ వచ్చింది. ఈ బుక్‌మార్క్ వాటిని తన కులంలోనివే అనుకుంటుంది.

2018లో వాల్‌మార్ట్ 1,600 కోట్ల డాలర్లు పెట్టి ఫ్లిప్‌కార్ట్‌లో 77 శాతం వాటా కొంది. కాగితం ముక్కే అంత పని చేసిందని బుక్‌మార్క్ చెప్పుకోదు. మదుపు సంస్థల డబ్బు, గిడ్డంగులు, డెలివరీ కుర్రాళ్ళ కష్టం ఆ తర్వాత వచ్చి కలిశాయి. కానీ చేతిలో డబ్బు లేని తొలి నెలల్లో మొదటి పాఠకుల దగ్గరికి సైటు పేరు మోసుకెళ్ళిన వాటిలో తానూ ఒకటని మాత్రం గట్టిగా చెబుతుంది.

బుక్‌మార్క్ నేర్పే పాఠం ఇవాళ్టికీ పనికొస్తుంది. ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టేవాళ్ళకో, పోచంపల్లిలో చీరలు నేసేవాళ్ళకో, మీ ఊళ్ళో పచ్చళ్ళు పెట్టి అమ్మే అక్కకో ఇవాళ కొత్త వెబ్‌సైట్ ఉంటే, ప్రకటనల మీద డబ్బు తగలేయకముందే చేయగలిగినవి ఉన్నాయి. గూగుల్‌లో వ్యాపారం పేరు, చిరునామా నమోదు చేసుకోవడానికి పైసా ఖర్చు లేదు. వాట్సాప్ బిజినెస్‌లో సరుకుల ఫొటోలు, ధరలు పెట్టుకోవడమూ ఉచితమే. కొనేవాళ్ళు నెట్‌లో ఏ మాట కొట్టి వెతుకుతారో వాళ్ళనే అడిగి, ఆ మాటలనే పేజీ శీర్షికలో పెట్టండి. పంపే ప్రతి డబ్బా మీదా, బిల్లు మీదా సైటు పేరు, క్యూఆర్ కోడ్ అచ్చువేయించండి. ఆ డబ్బా హైదరాబాదులో చుట్టాలింట్లో తెరుచుకున్నా, డాలస్‌లో తెరుచుకున్నా, చూసినవాళ్ళు ఎక్కడ కొన్నారని అడుగుతారు. ఆ జవాబు డబ్బా మీదే కనిపించేలా చూసుకోండి.